నల్ల తల్లికి పసుపు పిల్ల ఎలా పుట్టింది? పెంపుడు జంతువుల వెంట్రుకల రంగును లెక్కగట్టే పద్ధతి

మా వీధి చివర ఇంట్లో ఉండే మాస్టారు ఒక ఉదయం ముఖం ముడుచుకుని వచ్చారు. ఆయన పెంచే ల్యాబ్రడార్ నల్లది. జత కట్టించిన మగ కుక్క కూడా నల్లదే, వంశావళి కాగితాలున్న జాతి కుక్క. పుట్టిన ఎనిమిది పిల్లల్లో ఐదు నల్లవి, ఒకటి కాఫీగింజ రంగుది, రెండు మాత్రం పసుపు. ఏదో వీధికుక్క గోడ దూకి వచ్చిందని ఆయన అనుమానం. పిల్లల కోసం బయానా ఇచ్చినవాళ్లదీ అదే అనుమానం, కాస్త గట్టిగానే.

ఆ మూడు రంగుల పిల్లలూ ఆ తల్లిదండ్రులకే పుట్టి ఉండవచ్చని పావుగంటలో కాగితం మీద చూపించాను. ఆ లెక్కనే ఇక్కడ విడమరిచి రాస్తున్నాను. ల్యాబ్రడార్‌తో మొదలుపెట్టి పిల్లి దాకా, మధ్యలో గొర్రె దాకా వెళ్తాను. పదో తరగతి జీవశాస్త్రం లీలగా గుర్తుంటే చాలు. పెన్సిలు మాత్రం చేతిలో ఉండాలి.

మొదటి మెట్టు: చూసింది చూసినట్టు రాసుకోవడం

రంగులకు పేర్లు పెట్టడంలో మనవాళ్లు తక్కువ తినలేదు. పశువును చూస్తే కర్రి, పుల్ల, మైల, బొల్లి, కపిల అంటారు. పందెం కోడిని చూస్తే డేగ, కాకి, నెమలి అంటారు. నెల్లూరు గొర్రెల్లో మూడు రకాలకు మూడు పేర్లున్నాయి: ఒళ్లంతా తెలుపైతే పల్ల, తెల్లటి ఒంటి మీద పెదవుల దగ్గర, కళ్ల చుట్టూ, కింది దవడ మీద నల్లమచ్చలుంటే జోడిపి, ఒళ్లంతా గోధుమరంగైతే దొర. ఇవన్నీ కంటికి కనిపించే ఫలితానికి పెట్టిన పేర్లు. లోపల దాగి ఉన్నదేమిటో ఈ పేర్లు చెప్పవు. మన లెక్కకు ఇంకాస్త వివరం కావాలి.

నోటుపుస్తకంలో ఒక్కో జంతువుకు ఒక్కో పేజీ కేటాయించండి. వెంట్రుక రంగుతోపాటు ముక్కు, పెదవుల అంచు, కనురెప్పల అంచు, అరికాలి మెత్తలు, కళ్ల రంగు విడివిడిగా రాయండి. తెల్లమచ్చలు ఎక్కడున్నాయో ఒక బొమ్మ గీసుకోండి. వెంట్రుక పొట్టిదా, పొడుగా, మెలికలు తిరిగిందా అన్నదీ రాయండి. చర్మం, ముక్కు సంగతి వేరుగా ఎందుకంటే, వెంట్రుక దాచిన నిజాన్ని చాలాసార్లు ముక్కు బయటపెడుతుంది. అయితే ముక్కును ఒక్కదాన్నే నమ్ముకోకండి. పసుపు ల్యాబ్రడార్లలో నల్ల ముక్కు చలికాలంలోనో, వయసు మీద పడ్డాకో గులాబీ ఛాయకు మారడం మామూలే. కనురెప్పల అంచు అలా మోసం చేయదు.

తేదీ వేయడం మరిచిపోవద్దు. పుట్టినప్పటి రంగే చివరిదాకా ఉంటుందన్న నమ్మకం లేదు. డాల్మేషన్ పిల్లలు తెల్లగా పుట్టి, రెండు వారాలు దాటుతుండగా మచ్చలు తేలుతాయి. సయామీ పిల్లికూనలూ దాదాపు తెల్లగానే పుడతాయి. అందుకే పుట్టినరోజున ఒకసారి, ఎనిమిది వారాలకు మరోసారి, ఏడాదికి ఇంకోసారి రాయండి.

రెండో మెట్టు: రంగులు రెండే అని గుర్తుపెట్టుకోవడం

క్షీరదాల వెంట్రుకకు రంగునిచ్చే పదార్థాలు ముఖ్యంగా రెండు. యూమెలనిన్ ముదురుది: నలుపు లేదా గోధుమ. ఫియోమెలనిన్ లేతది: ఎరుపు నుంచి పసుపు, మీగడ రంగు దాకా. బూడిద, నీలి, కాఫీ, బంగారు, వెండి అని అమ్మకందారులు ఎన్ని పేర్లు చెప్పినా అన్నీ ఈ రెంటి ఆటే. ఒకటి ఉండి మరొకటి లేకపోవడం, ఉన్నది పలచబడటం, కొన్నిచోట్ల అసలు రంగే చేరకపోవడం, అంతే.

రంగును తయారుచేసే కణం పైన ఒక గ్రాహకం ఉంటుంది. ఎంసీ1ఆర్ అనే జన్యువు దాన్ని తయారుచేస్తుంది. ఆ గ్రాహకానికి సంకేతం అందితే కణం ముదురు రంగును చేస్తుంది, అందకపోతే పసుపునే చేస్తుంది. పసుపు ల్యాబ్రడార్‌లో ఈ గ్రాహకం చెడిపోయి ఉంటుంది. అందుకే వెంట్రుకలన్నీ పసుపు. ముక్కు, కనురెప్పల అంచు మాత్రం నల్లగానే ఉండగలవు, వాటికి ఈ అడ్డంకి లేదు. రెండో జన్యువు టీవైఆర్‌పీ1. ముదురు రంగు నలుపుగా ఉండాలా, గోధుమగా ఉండాలా అన్నది దీని పని.

కాబట్టి అడగాల్సిన ప్రశ్నలకు ఒక వరస ఉంది. ముందు, ముదురు రంగు వెంట్రుకలోకి వస్తోందా? వస్తే, అది నలుపా, గోధుమా? ఈ వరస తప్పితే లెక్క తప్పుతుంది. పసుపు కుక్కను పట్టుకుని ఇది నల్లదా, గోధుమదా అని వెంట్రుకల్లో వెతకడం దండగ. దానికి జవాబు ముక్కు మీద ఉంటుంది.

మూడో మెట్టు: జతలు రాయడం

ఏ జన్యువుకైనా రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. రెండూ వేరువేరుగా ఉన్నప్పుడు పైకి కనిపించేదాన్ని బహిర్గతం అనీ, కనిపించకుండా దాగేదాన్ని అంతర్గతం అనీ మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. దాగినంత మాత్రాన అది పలచబడదు, పోదు. తరువాతి తరానికి చెక్కుచెదరకుండా వెళుతుంది. 1866లో మెండెల్ బఠానీల మీద రాసిన వ్యాసంలోని గుట్టంతా ఇదే.

నేను వాడే గుర్తులు ఇవి. నలుపు ప్రతికి 'న', గోధుమ ప్రతికి 'గ'. ముదురు రంగును రానిచ్చే ప్రతికి 'మ', పసుపు ప్రతికి 'ప'. 'న'కు 'గ' లొంగుతుంది, 'మ'కు 'ప' లొంగుతుంది. ప్రయోగశాల నుంచి వచ్చే కాగితంలో మొదటి జతను బి అక్షరంతో, రెండోదాన్ని ఇ అక్షరంతో చూపిస్తారు. పెద్దక్షరం బహిర్గతం, చిన్నక్షరం అంతర్గతం.

ఇప్పుడు మీ కుక్కకు తెలిసినంత రాయండి, తెలియనిచోట గీత పెట్టండి. నల్ల ల్యాబ్రడార్ అయితే 'న–, మ–'. గోధుమ రంగుదైతే 'గగ, మ–'. నల్ల ముక్కు పసుపుదైతే 'న–, పప'. గోధుమ ముక్కు పసుపుదైతే 'గగ, పప', ఇందులో గీతే లేదు, దాని గుట్టు మొత్తం బయటే ఉంది. నల్లదానిలో రెండు గీతలున్నాయి చూడండి. అందరూ నల్ల కుక్కనే సూటైనదనుకుంటారు, నిజానికి ఎక్కువ దాచుకోగలిగేది అదే.

నాలుగో మెట్టు: రాబోయే ఈత లెక్క

మాస్టారి కుక్కల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ 'నగ, మప' అనుకుందాం. పదహారు గళ్ల పట్టిక గీయవచ్చు, తరగతిలో అదే చేయిస్తారు. నాకు భిన్నాలతో చేయడం తేలిక.

ముందు పసుపు ప్రశ్న. తల్లి నుంచి 'ప' వచ్చే అవకాశం సగం, తండ్రి నుంచి సగం. రెండూ కలిసి రావడానికి నాలుగింట ఒక వంతు. అంటే పదహారులో నాలుగు పాళ్లు పసుపు. మిగిలిన పన్నెండు పాళ్లలో ఇదే తీరున నాలుగింట ఒక వంతు, అంటే మూడు పాళ్లు గోధుమ. మిగిలింది తొమ్మిది పాళ్లు నలుపు. తొమ్మిది, మూడు, నాలుగు. రెండు నల్ల కుక్కలకు మూడు రంగుల పిల్లలు ఇలా వస్తాయి. మాస్టారి ఇంట్లో ఐదు, ఒకటి, రెండు వచ్చాయి, లెక్కకు దగ్గరగానే ఉంది.

ఇది ఒక్కో పిల్లకు విడిగా వర్తించే అవకాశమే తప్ప ఈతకు ఇన్ని అని ఒప్పందం కాదు. ఈ తల్లిదండ్రులకే ఎనిమిదికి ఎనిమిదీ నల్లపిల్లలు పుట్టే అవకాశం సుమారు నూటికి ఒకటి. అలా జరిగి ఉంటే మాస్టారు నిశ్చింతగా ఉండేవారు, 'గ', 'ప' మాత్రం లోపలే కూర్చుని ఉండేవి.

ఐదో మెట్టు: పిల్లల నుంచి వెనక్కి చదవడం

నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇది. తల్లిదండ్రుల పేజీల్లో పెట్టిన గీతలను పిల్లలు పూరిస్తాయి.

పసుపు పిల్ల ఒక్కటి పుట్టినా తల్లిలో ఒక 'ప', తండ్రిలో ఒక 'ప' ఉన్నట్టే. గోధుమ పిల్లగానీ, గోధుమ ముక్కున్న పసుపు పిల్లగానీ పుడితే ఇద్దరిలోనూ 'గ' ఉన్నట్టే. రెండు పసుపు కుక్కలకు పసుపు పిల్లలే పుట్టాలి. అక్కడ నల్లపిల్ల కనిపిస్తే అప్పుడు గోడవైపు చూడండి. రెండు గోధుమ కుక్కలకు గోధుమ, పసుపు పిల్లలు పుట్టవచ్చు, నల్లపిల్ల పుట్టకూడదు. రెండు నల్లవాటికైతే ఈ మూడు రంగుల్లో ఏదైనా పుట్టవచ్చు.

మాస్టారి అనుమానం ఇక్కడే తలకిందులైంది. పసుపు పిల్ల పుట్టడానికి తండ్రి కూడా 'ప' ఇచ్చి ఉండాలి. జాతి ల్యాబ్రడార్లలో అది విరివిగా ఉండే ప్రతి. అనుమానానికి గురైన పసుపు పిల్లలే తమ పుట్టుకకు మంచి సాక్ష్యం తెచ్చాయన్నమాట.

ఒక హెచ్చరిక. ఎదకు వచ్చిన ఆడకుక్క కొన్ని రోజులపాటు మగవాటిని రానిస్తుంది. ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు ఉండటం సాధ్యమే, పిల్లుల్లోనూ అంతే. కాబట్టి ఒక పిల్ల గురించి తేల్చింది దాని తోబుట్టువుకు వర్తించాలని లేదు. పైగా రంగు ఒక తండ్రిని కాదనగలదు గానీ, ఔనని రూఢి చేయలేదు.

ఆరో మెట్టు: గీతలు ఇంకా మిగిలితే

మీ నల్ల మగకుక్కలో 'ప' ఉందో లేదో తేలాలంటే పాత పద్ధతి, పసుపు ఆడకుక్కతో జత కట్టించడం. దానిలో 'ప' దాగి ఉంటే ఒక్కో పిల్ల పసుపుగా పుట్టే అవకాశం సగం. ఒక్క పసుపు పిల్ల పుడితే తేలిపోయినట్టే. ఆరు పిల్లలూ నల్లవే పుడితే? దాగి ఉండి కూడా అలా తప్పించుకునే అవకాశం 64లో ఒకటి. ఏడు పుడితే 128లో ఒకటి. మూడు పిల్లల్ని చూసి లేదని తేల్చేయకండి, అక్కడ ఎనిమిదిలో ఒకటి పొరపాటుంటుంది.

కేవలం తెలుసుకోవడానికి ఒక ఈత వేయించడం నాకు నచ్చదు. ఎనిమిది పిల్లలకు ఇళ్లు వెతకాలి కదా. ఇప్పుడు బుగ్గ లోపల దూది పుల్లతో రాసి డీఎన్‌ఏ పరీక్షకు పంపితే సరిపోతుంది. పాలు తాగే పిల్ల నుంచి నమూనా తీసేటప్పుడు మాత్రం కొంతసేపు తల్లి నుంచి వేరుగా ఉంచండి. లేకపోతే దాని నోట్లో ఉన్న తల్లి కణాలు కూడా పుల్లకు అంటుకుని ఫలితం గందరగోళమవుతుంది.

గొర్రెల మంద ఉన్నవాళ్లకు పరీక్షల అవసరం కూడా అంతగా ఉండదు, నోటుపుస్తకమే ప్రయోగశాల. ఏ పొట్టేలును ఏ గొర్రెకు కట్టించారో, ఏ రంగు పిల్ల పుట్టిందో వరసగా రాస్తూ పోండి. ఒకే రంగున్న రెంటికి వేరే రంగు పిల్ల పుట్టిన ప్రతిచోటా గుర్తు పెట్టండి. దాగి ఉన్న రంగు ఏదో అక్కడే బయటపడుతుంది. దక్కనీ గొర్రె నల్ల ఉన్నితో గొంగడి నేసే ఇళ్లకు ఇది వట్టి సరదా లెక్క కాదు, నల్ల ఉన్ని ఎంత వస్తుందన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఏడో మెట్టు: ఒక జాతి లెక్కను ఇంకో జాతికి అంటగట్టకపోవడం

ఎక్కువమంది బోర్లాపడేది ఇక్కడే. ల్యాబ్రడార్‌లో నలుపు బహిర్గతం. జర్మన్ షెపర్డ్‌లో ఒళ్లంతా నలుపు రావడానికి అగౌటి అనే వేరే జన్యువులో రెండు అంతర్గత ప్రతులు కలవాలి. ల్యాబ్రడార్‌లో నలుపు పైచేయి, షెపర్డ్‌లో అదే నలుపు లొంగిపోయేది. కంటికి రెండూ ఒకటే.

ల్యాబ్రడార్ నలుపు వెనుక ఇంకో జన్యువు కూడా ఉంది, సీబీడీ103. కుక్కల్లో బహిర్గత నలుపుకు ఇదే మూలమని 2007లో తేలింది. దీని బహిర్గత ప్రతి ఉంటే అగౌటి చేసే నమూనాలన్నీ, అంటే గోధుమ ఛాయ, ఎదమీద, కాళ్లమీద వచ్చే ఎర్రమచ్చలు, అన్నీ నలుపు కింద కప్పుకుపోతాయి. ఉత్తర అమెరికాలోని నల్ల తోడేళ్లకు ఈ నలుపు పెంపుడు కుక్కల నుంచే చేరిందని 2009లో బయటపడింది. ఊరికుక్క అడవికి ఇచ్చిన రంగన్నమాట.

కాబట్టి మీ జాతిలో ఏ జన్యువులకు రెండు రూపాలున్నాయో ముందు తెలుసుకోండి. వాటికే జతలు రాయండి. మిగతావి అన్నిటిలో ఒకటే అయినప్పుడు లెక్కలోకి తేవడం అనవసరం.

ఎనిమిదో మెట్టు: పిల్లి దగ్గర ఆడా మగా చూడటం

పిల్లుల్లో నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లికి ఎక్స్ ఒకటే, అది తల్లి ఇచ్చింది. కనుక మగపిల్లి నల్లదో, నారింజదో తేల్చేది తల్లి ఒక్కటే. ఈ విషయంలో కొడుకుకు తండ్రి ఇచ్చేది ఏమీ లేదు. ఆడపిల్లికి ఎక్స్‌లు రెండు, ఇద్దరి దగ్గరి నుంచీ ఒక్కొక్కటి.

దీన్నిబట్టి వేయండి. నల్ల తల్లి, నారింజ తండ్రి: కొడుకులన్నీ నల్లవి, కూతుళ్లన్నీ నలుపు, నారింజ కలగలిసినవి. నారింజ తల్లి, నల్ల తండ్రి: కొడుకులన్నీ నారింజ, కూతుళ్లు మళ్లీ కలగలిసినవే. కలగలిసిన తల్లికి కొడుకుల్లో సగం అటు, సగం ఇటు. పూర్తి నారింజ కూతురు పుట్టాలంటే తండ్రి నారింజ కావాల్సిందే, తల్లి నుంచీ నారింజ రావాలి. నారింజ పిల్లుల్లో మగవి ఎక్కువగా కనిపించేది అందుకే.

ఆడపిల్లి ఒంటి మీద రెండు రంగులూ అతుకుల బొంతలా ఎందుకుంటాయి? పిండదశలో ఆడ క్షీరదం ఒక్కో కణంలో రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేస్తుంది. ఏది మూతపడేదీ ఆ కణంలో యాదృచ్ఛికమే, తరువాత దాని సంతతి కణాలన్నీ అదే పద్ధతి పాటిస్తాయి. 1961లో జన్యుశాస్త్రవేత్త మేరీ లియాన్ చెప్పిన విషయం ఇది. ఆమె దృష్టి ఎలుకల మీద, కానీ వీధిలో తిరిగే మూడు రంగుల పిల్లి కన్నా మంచి ఉదాహరణ దొరకదు. మూడో రంగైన తెలుపు వేరే జన్యువు పని, అది ఎక్స్ మీద లేదు. మూడు రంగుల మగపిల్లి చాలా అరుదు. ఉంటే సాధారణంగా దానికి రెండు ఎక్స్‌లు, ఒక వై ఉంటాయి, సంతానం ఉండదు.

2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో తొలి క్లోనింగ్ పిల్లి పుట్టింది. పేరు సీసీ. మాతృక మూడు రంగులది, సీసీ ఒంటి మీద నారింజ చుక్క కూడా లేదు. జన్యువులు అవే. తీసుకున్న ఒక్క కణంలో నారింజ ఉన్న ఎక్స్ మూతపడి ఉంది. నకలు చేస్తే అచ్చం తన పిల్లే వస్తుందని ఆశపడేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఆ నారింజ జన్యువు ఏదో మాత్రం చాలాకాలం చిక్కలేదు. ఏఆర్‌హెచ్‌జీఏపీ36 అనే జన్యువు ఉన్న చోట ఒక చిన్న ముక్క ఊడిపోవడమే కారణమని జపాన్, అమెరికా బృందాలు వేరువేరుగా కనుగొని 2025లో ప్రచురించాయి.

సయామీ పిల్లిది వేరే కథ. రంగు చేసే ఎంజైము వేడికి పనిచేయదు. చల్లగా ఉండే చెవులు, మూతి, పాదాలు, తోకలో మాత్రమే పనిచేస్తుంది. అందుకే గర్భపు వెచ్చదనంలో పెరిగిన కూనలు తెల్లగా పుడతాయి. ఆపరేషన్ కోసం గొరిగిన చోట వెంట్రుక ముదురుగా మొలిస్తే కంగారు పడవద్దు, ఆ చోటు చల్లబడింది, అంతే. ఇది అంతర్గతం కనుక రెండు మామూలు పిల్లులకూ సయామీ గుర్తుల కూన పుట్టగలదు.

పలచబడ్డ రంగులు, వాటి ధర

నలుపు పలచబడితే నీలిబూడిద, గోధుమ పలచబడితే వెండి ఛాయ. ఎంఎల్‌పీహెచ్ జన్యువులో రెండు అంతర్గత ప్రతులు కలిస్తే ఇలా జరుగుతుంది. రంగు తగ్గదు, వెంట్రుకలో ముద్దలు ముద్దలుగా పేరుకుని పలచగా కనిపిస్తుంది. వెండి ల్యాబ్రడార్ అరుదైనదని చెప్పి రెట్టింపు అడిగేవాళ్లున్నారు. జాతి ప్రమాణంలో ఉన్నవి నలుపు, పసుపు, గోధుమ మాత్రమే. ఇలా పలచబడ్డ కుక్కల్లో కొన్నిటికి పెరిగాక వెంట్రుక ఊడిపోయే జబ్బు వస్తుంది, డోబర్‌మన్లలో ఇది బాగా తెలిసిందే. నేనైతే పైసా అదనంగా ఇవ్వను.

రంగు కోసమే జత కట్టిస్తూ పోతే ఏమవుతుందో సూచించే లెక్క ఒకటుంది. బ్రిటన్‌లోని ల్యాబ్రడార్ల వైద్య రికార్డులను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో గోధుమ రంగువాటి మధ్యస్థ ఆయుష్షు 10.7 ఏళ్లు, మిగతా రంగులవాటిది 12.1 ఏళ్లు. చెవి వాపు, చర్మవ్యాధులు కూడా గోధుమవాటిలోనే ఎక్కువ. ఆ రంగు రావాలంటే ఇద్దరూ 'గ' ఉన్నవే కావాలి కనుక, ఎంచుకునే కుక్కల సంఖ్య తగ్గి రోగాలు పోగుపడి ఉండవచ్చని పరిశోధకుల ఊహ.

తెలుపు: ఒక్క పేరు, చాలా కారణాలు

తెల్ల జంతువు కనిపిస్తే ముందు మూతి చూడండి. ఒంగోలు గిత్త ఒళ్లు తెల్లగా మెరుస్తుంది, మూతి, కనురెప్పల వెంట్రుకలు, తోక కుచ్చు నల్లగా ఉంటాయి. అంటే రంగు కణాలు ఒంట్లో ఉన్నాయి, వెంట్రుకకు మాత్రమే రంగు అందలేదు. అలాంటి తెలుపుతో చిక్కు లేదు.

రెండో తెలుపు, కణాలే చేరని తెలుపు. రంగు కణాలు పిండం వెన్ను దగ్గర పుట్టి ఒంటి చివరలకు ప్రయాణిస్తాయి. దారిలో ఆగిపోతే పాదాలు, ఎద, తోక చివర, నుదురు తెల్లగా మిగులుతాయి. బొల్లి మచ్చలు ఎప్పుడూ ఆ చోట్లే ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమవుతుంది. మరీ తక్కువ కణాలు బయలుదేరితే ఒళ్లంతా తెలుపే. లోపలి చెవి పనిచేయడానికీ ఈ కణాలు కావాలి, అవి చేరకపోతే చెవుడు. తెల్లటి ఒళ్లు, నీలి కళ్లు ఉన్న పిల్లులు సాధారణంగా చెవిటివని పందొమ్మిదో శతాబ్దంలోనే డార్విన్ గుర్తించాడు. డాల్మేషన్లలో ఒక చెవో రెండు చెవులో వినపడనివి అమెరికా లెక్కల్లో దాదాపు 30 శాతం. గులాబీ ముక్కుతో తెల్లగా ఉండే మన రాజపాళయం కుక్కల్లోనూ పుట్టుచెవుడు తెలిసిన సమస్యే. చప్పట్లు కొట్టి చూడటం సరైన పరీక్ష కాదు, ఒక చెవితో వినేది దొరకదు. మెదడుకు చేరే సంకేతాన్ని కొలిచే పరీక్ష ఉంది, అదే చేయించండి.

మూడోది అసలు రంగే తయారుకాని తెలుపు, ఎర్రటి కళ్లతో. అది అరుదు, అంతర్గతం.

వెంట్రుక పొడవు, మెలిక

ఇది రంగు కన్నా తేలిక. కుక్కల వెంట్రుకల తీరుల్లో అత్యధికం మూడు జన్యువుల కలయికలేనని 2009లో తేలింది. పొడవుకు ఎఫ్‌జీఎఫ్5, మీసాలు, గుబురు కనుబొమలకు ఆర్‌ఎస్‌పీఓ2, మెలికకు కేఆర్‌టీ71. పొడుగు వెంట్రుక అంతర్గతం, మీసకట్టు బహిర్గతం. షిట్జూను మీసాల్లేని జాతితో కలిపితే పిల్లలకు మీసాలు వచ్చేది అందుకే.

పిల్లుల్లోనూ పొడుగు అంతర్గతమే. పర్షియన్‌ను నాటు పిల్లితో జత కట్టించి, కూనలన్నీ పొట్టి వెంట్రుకలతో పుట్టాయని నిరాశపడేవాళ్లను చూశాను. ఆ కూనలన్నీ పొడుగు ప్రతిని మోస్తున్నాయి. వాటిలో ఒకదాన్ని మళ్లీ పర్షియన్‌తో కలిపితే సగం పొడుగువి వస్తాయి. సొంత తండ్రితో కాకుండా వేరే పర్షియన్‌తో కలపండి.

కట్టించకూడని జతలు

మెర్ల్ అని, బూడిద మీద నల్ల చారలు, తునకలు ఉన్నట్టు కనిపించే రంగు ఉంది. దీని వెనుక ఉన్నది పీఎంఈఎల్ జన్యువని 2006లో తేలింది. ఒక్క ప్రతి అందంగా ఉంటుంది. రెండు మెర్ల్‌లను కలిపితే నాలుగింట ఒక పిల్లకు రెండు ప్రతులు పడతాయి. అవి చాలావరకు తెల్లగా పుడతాయి, చెవుడు, కంటి లోపాలు ఎక్కువ. మెర్ల్‌ను మెర్ల్ కాని కుక్కకే కట్టించండి.

వెంట్రుకల్లేని చైనీస్ క్రెస్టెడ్ లాంటి జాతుల్లో ఫాక్స్‌ఐ3 జన్యువుది ఇంకా కఠినం. రెండు ప్రతులు పడ్డ పిండం పుట్టనే పుట్టదు. కనుక వెంట్రుకల్లేని రెంటికి మూడుకు ఒకటి కాకుండా రెండుకు ఒకటి లెక్కన, రెండు పాళ్లు వెంట్రుకల్లేనివి, ఒక పాలు వెంట్రుకలున్నవి వస్తాయి. 1905లో ఫ్రాన్స్‌లో క్యూనో అనే శాస్త్రవేత్త పసుపు ఎలుకల్లో చూసిన వింత నిష్పత్తి ఇదే. మీ నోటుపుస్తకంలో మూడుకు ఒకటి రావాల్సిన చోట ఎప్పుడూ రెండుకు ఒకటే వస్తుంటే ఏదో పిండంలోనే రాలిపోతోందని అనుమానించండి.

చివరగా, లేత మీగడ నుంచి నక్క ఎరుపు దాకా పసుపు ల్యాబ్రడార్లలో కనిపించే ఛాయాభేదం ఈ లెక్కకు లొంగదు. చాలా జన్యువులు కొద్దికొద్దిగా కలిసి చేసే పని అది. తల్లిదండ్రులను చూసి అంచనా వేసుకోవడమే.

మాస్టారి ఇంటి సంగతికి వస్తాను. డీఎన్‌ఏ పరీక్షలో తల్లీ తండ్రీ ఇద్దరూ నేను రాసినట్టే వచ్చారు, బయానా ఇచ్చినవాళ్లు పసుపు పిల్లల్ని తీసుకెళ్లారు. నాలుగు నెలలు గడిచాయి. ఎవరికీ అనుమానం రాని ఐదు నల్లపిల్లల్లో ఒకదాన్ని మాస్టారే ఉంచుకున్నారు. దాని చెవులు వాలడం మానేసి నిక్కబొడుచుకున్నాయి, తోక గుండ్రంగా వీపు మీదకు చుట్టుకుంది. ఈసారి పితృత్వ పరీక్షకు పంపితే, జత కట్టించిన కుక్క దాని తండ్రి కాదని వచ్చింది. ఎదురు టీకొట్టు దగ్గర పడుకునే లేత గోధుమ రంగు వీధికుక్కకు తోక సరిగ్గా అలాగే చుట్టుకుని ఉంటుంది. తల్లి ఇచ్చిన బహిర్గత నలుపు దాని రంగును మొత్తం కప్పేసింది. మాస్టారు ఆ పిల్లకు "సాక్షి" అని పేరు పెట్టుకున్నారు.